మినీ ట్రాక్టర్ కొని ఎనిమిది నెలలు, తిరిగింది 61 గంటలు. మీరంతా దేనికి వాడుతున్నారు?

మట్టలమధ్య
మార్చిలో 24 హెచ్‌పి మినీ ట్రాక్టర్ కొన్నాను, ఫోర్ వీల్ డ్రైవ్. మాది చింతలపూడి వైపు. పామాయిల్ నాలుగెకరాలు, ఇంటి వెనక అర ఎకరం పెరడు, రెండు గేదెలు. నిన్న అవర్ మీటరు చూస్తే 61. అందులో షోరూం నుంచి ఇంటికి వచ్చింది, సర్వీసింగుకు వెళ్ళొచ్చింది తీసేస్తే యాభై ఉంటాయేమో. కిస్తీ మాత్రం టంచనుగా వస్తోంది. మా ఆవిడ దీన్ని "మూడో గేదె" అంటోంది. మేత మేస్తుంది, పాలివ్వదు అని.

పైగా నేను కొన్న ఆరు నెలలకి, 2025 సెప్టెంబరు 22న ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ముప్పై వేల పైనే పోయింది. నా టైమింగ్ ఎప్పుడూ అంతే.

డీలరు మాట విని మట్టిని తిరగేసి గుల్ల చేసే రోటావేటర్, మూడున్నర అడుగులది, కూడా తీసుకున్నాను. తోటలో రెండుసార్లు తోలాను, అప్పటినుంచి షెడ్డులో ఉంది. దున్నడానికి పొలం లేనివాడికి ట్రాక్టర్ ఎందుకురా అని ఊళ్ళో నవ్వుతున్నారు. అమ్మేయమంటారా? లేకపోతే ఇంటి దగ్గర పనులకు మీరు ఎలా వాడుతున్నారో చెప్పండి.

గట్టుతగాదా
మూడో గేదె 😂 వదినగారికి దండం.

నల్లరేగడి
ట్రాలీ ఉందా లేదా? అది చెప్పలేదు.

మట్టలమధ్య
లేదన్నా. బడ్జెట్ అయిపోయింది. ట్రాలీయా రోటావేటరా అంటే డీలరు రోటావేటర్ అన్నాడు.

నల్లరేగడి
అయితే నీ దగ్గర సగం ట్రాక్టరే ఉంది. ఇంటి పనుల్లో పదింట ఏడు మోత పనులే. పెంట మోయాలె, ఇసుక తేవాలె, కట్టెలు, గడ్డి, ఎరువు బస్తాలు, పైపులు. మాది వరంగల్ దిక్కు, పత్తి ఆరెకరాలు. నా బండి ఏడాదికి నాలుగు వందల గంటలు తిరుగుతది. అందులో దుక్కి వంద కూడా ఉండదు. పెద్ద దుక్కి పెద్ద ట్రాక్టర్‌తోనే కిరాయికి కొట్టిస్త. మినీతో పత్తి సాళ్ళల్ల గుంటక తోలుడు, మందు కొట్టుడు, మిగిలిందంత ట్రాలీ.

సాళ్ళ సంగతి ఎవరైనా అడుగుతారని ముందే చెప్తున్న. నేను నాలుగడుగుల సాలు పెట్టుకున్న. వెనక రిమ్ములు తిప్పి బిగిస్తే చక్రాల మధ్య వెడల్పు తగ్గుతది. చెట్టు నడుం ఎత్తుకు వచ్చేదాంక నడుస్తది, తర్వాత కొమ్మలు ఇరుగుతయి.

కోనసీమ బొండాం
అసలు పామాయిల్‌లో రోటావేటర్ ఎందుకు తోలావు తమ్ముడూ? కొబ్బరికైనా పామాయిల్‌కైనా తిండి లాగే వేళ్ళు పైపైనే ఉంటాయి. రోటావేటర్ పెడితే అవన్నీ తెగుతాయి. ఒకటి రెండుసార్లకు చెట్టు చావదు గానీ గెల మీద దెబ్బ కనపడుతుంది. లేత తోట, మధ్యలో అంతర పంట ఉంటే సరే, అదీ చెట్టుకు దూరంగా. పెద్ద తోటలో గడ్డి పెరిగితే కోసి అక్కడే పడెయ్యడమే.

మట్టలమధ్య
ఆ ముక్క డీలరు చెప్పలేదు. తోట ఏడో ఏడు. గడ్డి చచ్చిపోతుందని తోలాను.

గట్టుతగాదా
డీలరుకి నీ తోట వేళ్ళతో ఏం పనన్నా. ఆయనకు నీ జేబు వేళ్ళు తెలుసు.

పాడిగేదెల అక్క
నేను ఆడదాన్ని, బండి నేనే తోలుతాను. తెనాలి దగ్గర మాది, గేదెలు పద్నాలుగు. నా రోజు చెప్తాను, లెక్క వేసుకోండి.

పొద్దున ఐదున్నరకి ట్రాలీ కొట్టం గుమ్మంలో పెడతాను. పేడ ఎత్తి అందులో వేస్తారు, దిబ్బ దగ్గరకు నేను తోలేస్తాను. ఇదివరకు ఇద్దరు మనుషులు తట్టలతో గంటన్నర మోసేవారు. ఇప్పుడు ఒకరు, నలభై నిమిషాలు. తిరిగి వచ్చేటప్పుడు అదే ట్రాలీ కడిగి నేపియర్ గడ్డి కోసిన మోపులు వేసుకొస్తాను. శనివారం దాణా బస్తాలు. ఎండాకాలం చెరువు మట్టి. బండి నడిచేది రోజుకు గంటే, కానీ ఆ గంట రోజూ ఉంది. మినీ ట్రాక్టర్ గిట్టుబాటు అంటే అదే. ఏడాదికి పది రోజులు పొద్దస్తమానం తిరగడం కాదు.

ఇంకోటి. మేత ముక్కలు కోసే చాఫ్ కట్టర్‌ని ట్రాక్టర్‌కి తగిలించమని కొందరు చెప్తారు. వినకండి. రెండు హెచ్‌పి కరెంటు మోటారు చేసే పనికి ఇరవై నాలుగు హెచ్‌పి ఇంజన్ ఆన్ చేసి డీజిల్ తగలెయ్యడం ఎందుకు?

సీమ రాళ్ళు
అక్కా, కరెంటు ఉన్నోళ్ళకి అది సరే. మా మదనపల్లె సైడు తోట దగ్గర త్రీ ఫేజ్ వచ్చే టైం వేరు, ఆవులకి ఆకలయ్యే టైం వేరు. నేను పీటీఓకే (బండి వెనక ఇంజన్ బలంతో తిరిగే షాఫ్టు) తగిలించినా. ఇరవై నిమిషాల్లో రెండు రోజుల మేత.

పాడిగేదెల అక్క
రెండు హెచ్‌పికి సింగిల్ ఫేజ్ మోటారు దొరుకుతుంది నాయనా. ఇంటి కరెంటు చాలు.

సీమ రాళ్ళు
ఇంటికి తోట రెండు కిలోమీటర్లు అక్కా 🙏

పాడిగేదెల అక్క
అయితే నువ్వు గెలిచావు.

మెకానిక్ మామ
పీటీఓ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి పోతాను. పీటీఓ నిమిషానికి 540 తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. తుండు కొసో లుంగీ అంచో చీర కొంగో షాఫ్టుకి తగిలితే మీరు "అయ్యో" అనేలోపు తొమ్మిది చుట్లు చుట్టేస్తుంది. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు ఇస్తారు చూడండి, గ్రీజు పెట్టడానికి అడ్డమని అందరూ మొదటి నెలలోనే పీకి పారేస్తారు. నా దగ్గరకు వచ్చే బండ్లలో అది ఉన్న బండి చూసి చాలా కాలమైంది. చాఫ్ కట్టర్ తగిలించిన సీమ తమ్ముడు ఇది రెండుసార్లు చదవాలి.

సీమ రాళ్ళు
చదివినా మామా. తొడుగు ఉంది. అటక మీద ఉంది. రేపు తగిలిస్తా.

డల్లాస్ దొడ్డి
మీ అందరికీ కుళ్ళు పుట్టించాలని ఉంది. టెక్సాస్‌లో పదెకరాలు, 25 హెచ్‌పి బండి, ముందు లోడర్. మట్టి ఎత్తడం, కంకర ఎత్తడం, అన్నీ కూర్చున్న చోటునుంచే. వానలకు ఇంటి బాట కంకర కొట్టుకుపోతుంది, వెనక బాక్స్ బ్లేడు పెట్టి రెండు రౌండ్లు లాగితే సాఫీ. కానీ మా ఇంట్లో దీని అసలు డ్యూటీ వేరే. కరివేపాకు, మునగ, మల్లె, అన్నీ పెద్ద కుండీల్లో ఉన్నాయి, ఒక్కోటీ ఇద్దరు కూడా ఎత్తలేరు. ఫ్రీజ్ వార్నింగ్ రాగానే లోడర్‌కి ఫోర్కులు తగిలించి ఒక్కో కుండీ గరాజ్‌లోకి. 2021 ఫిబ్రవరి చలికి చుట్టుపక్కల తెలుగువాళ్ళ కరివేపాకు చెట్లన్నీ పోయాయి, మాది బతికింది. ఆ ఏడాదంతా పోపు మా ఇంటి నుంచే.

గట్టుతగాదా
ఆరు లక్షల బండి, రూపాయి కరివేపాకు. ఇది కదా ఎన్నారై వ్యవసాయం.

డల్లాస్ దొడ్డి
ఇక్కడ చిన్న ప్యాకెట్ రెండు డాలర్లు బాబూ, నవ్వకు.

మట్టలమధ్య
లోడర్ ఇక్కడ దొరుకుతుందా?

మెకానిక్ మామ
మినీలకు చేసిచ్చేవాళ్ళు ఉన్నారు గానీ తొందరపడకు. లోడర్ ఎత్తినప్పుడు బరువంతా ముందు ఇరుసు మీద పడుతుంది, వెనక తేలిపోతుంది. వెనక తూకం వేలాడదియ్యకుండా నడిపితే బోర్లా పడతావు. దానికి బదులు వెనక లింకేజ్‌కి తగిలే పెట్టె ఒకటి చేయించు. యాంగ్లర్లు, రేకు, మూడు పిన్నులు. ఊళ్ళో ఏ వెల్డింగ్ షాపు వాడైనా రెండు రోజుల్లో చేస్తాడు. నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతు చాలు. కిందికి దించి నింపుకోవడం, లివర్ ఎత్తి పోవడం. ట్రాలీ తిరగని ఇరుకు సందుల్లో కూడా తిరుగుతుంది. రెండు మూడు క్వింటాళ్ళు హాయిగా మోస్తుంది. మరీ నింపితే ముందు చక్రాలు తేలి స్టీరింగ్ వినదు, అప్పుడు ముందు బంపరుకు దిమ్మలు తగిలించుకోవాలి.

నల్లరేగడి
ఈ పెట్టె ముచ్చట వంద శాతం కరెక్ట్. నేను ట్రాలీ కంటే ముందు ఇదే చేయించిన. పిల్లలు దాన్ని బస్ అంటరు.

పాడిగేదెల అక్క
పిల్లల్ని అందులో ఎక్కించకు తమ్ముడూ. మడ్‌గార్డు మీద కూడా. ట్రాక్టర్ మీద సీటు ఒక్కటే, డ్రైవరుకే. రెండోవాడికి ఏమైనా అయితే ఇన్సూరెన్సు వాళ్ళు మొహం కూడా చూపించరు. మా పక్క ఊళ్ళో ఒక ఇల్లు అలాగే కూలిపోయింది. అంతకంటే చెప్పను.

నల్లరేగడి
నిజమే అక్క. బస్ బంద్.

కోనసీమ బొండాం
నా మూర్ఖత్వం కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. పాత కొబ్బరి మొద్దు ఒకటి పెరట్లో అడ్డంగా ఉంది. చుట్టూ తవ్వి, గొలుసు కట్టి లాగుదామనుకున్నాను. గొలుసు ఎక్కడ కట్టాలి? కింద లాగుడు కమ్మీ ఉంటుంది చూడండి, ఆ డ్రాబార్‌కి వంగడానికి బద్ధకించి, చేతికి అందింది కదా అని పైన టాప్ లింక్ కొక్కేనికి తగిలించాను. ఫస్ట్ గేరు, ఫుల్ యాక్సిలరేటర్, క్లచ్ ఒక్కసారిగా వదిలాను. మొద్దు కదల్లేదు. ముందు చక్రాలు లేచాయి. ఆకాశం కనపడింది. ఏ దేవుడు కాలు కదిపాడో క్లచ్ తొక్కాను, ధబ్బుమని కింద పడింది. ముందు ఇరుసు బుష్షులు పోయాయి, అంతే. పది నిమిషాలు సీటు మీంచి దిగలేకపోయాను, కాళ్ళు వణికి.

మెకానిక్ మామ
బతికి రాస్తున్నావు, అదృష్టవంతుడివి. లాగుడు ఏదైనా డ్రాబార్‌కే, వెనక ఇరుసు కంటే కిందనుంచే. ఇరుసు కంటే పైన కట్టి లాగితే మొద్దు కదలదు, చక్రం తిరగలేదు, ఇక ఇంజన్ బలం బండినే ఇరుసు చుట్టూ వెనక్కి తిప్పుతుంది. సగం లేచాక క్లచ్ తొక్కినా ఆగకపోవచ్చు. అసలు మొద్దులు పీకడం మినీ పని కాదు. జేసీబీని గంట పిలిస్తే ఊళ్ళో మొద్దులన్నీ పీకి పోతుంది.

డల్లాస్ దొడ్డి
ఇక్కడ సీటు వెనక ఇనప కమాను ఉంటుంది, బెల్టు పెట్టుకోవాలి. బోల్తా పడినా మనిషి దాని కింద నలగడు. కమాను ఉండి బెల్టు పెట్టుకోకపోతే లేనట్టే. మీ దగ్గర ఉండవా?

కోనసీమ బొండాం
మా వాటికి ఉండేది ఎండకు గుడారం. నాది పెళ్ళి పందిరి గుడ్డతో కుట్టించింది.

ఉద్దానం వాడు
మొద్దుల మాట ఎత్తారు కాబట్టి. 2018 అక్టోబరు 11, తిత్లీ తుఫాను. మా పలాస వైపు ఒక్క రాత్రికి కొబ్బరి చెట్లు చేను పడుకున్నట్టు పడుకున్నాయి. బాటలన్నీ మూసుకుపోయాయి. పెద్ద ట్రాక్టర్లు తోటల్లోకి దూరలేవు, చెట్ల మధ్య సందు లేదు. మా చిన్నాన్న మినీ ఒక్కటే దూరింది. రంపంతో ఆరేసి అడుగుల ముక్కలు కోయడం, గొలుసు కట్టి ఈడ్చి రోడ్డు పక్కన వేయడం. ఇరవై రోజులు అదే పని. గొలుసు మాత్రం కిందే కట్టాం మామా.

తర్వాత అసలు కష్టం కరెంటు. రోజుల తరబడి లేదు. చిన్నాన్న కరెంటు పుట్టించే పాత ఆల్టర్నేటర్ ఒకటి, ఏడున్నర కేవీఏది, పట్టుకొచ్చి పీటీఓకి బెల్టుతో తగిలించాడు. ఊళ్ళో సగం ఫోన్లు మా ఇంట్లోనే చార్జింగ్.

మట్టలమధ్య
అన్నా ఇది వివరంగా చెప్పండి. మొన్న మొంథా తుఫానుకి మాకు రెండు రోజులు కరెంటు లేదు. ఇంటి మోటారు ఆడక నీళ్ళకి ఏడ్చాం. షెడ్డులో 24 హెచ్‌పి పెట్టుకుని బావిలో చేంతాడు వేశాను.

ఉద్దానం వాడు
మామూలు ఆల్టర్నేటర్ 1500 తిరగాలి, అప్పుడే 50 హెర్ట్జ్. పీటీఓ 540. అంటే పీటీఓ వైపు పద్నాలుగు అంగుళాల పుల్లీ, ఆల్టర్నేటర్ వైపు ఐదు అంగుళాల పుల్లీ వేస్తే లెక్క సరిపోతుంది. ఫ్రిజ్, లైట్లు, ఫ్యాన్లు, ఇంటి ఒక హెచ్‌పి మోటారు నడిచాయి. ఐదు హెచ్‌పి బోరు మోటారు పెడితే ఎత్తుకోలేదు, స్టార్టింగులో అది చాలా రెట్లు లాగుతుంది. యాక్సిలరేటర్ ఒక చోట పెట్టి వదిలేసి పోకూడదు, లోడు పడినప్పుడల్లా వోల్టేజి చూసుకోవాలి. ఒకసారి చూడక మా పిన్ని మిక్సీ కాలింది.

మెకానిక్ మామ
లైను కరెంటును తెంపి మన కరెంటుకు మార్చే ఛేంజోవర్ స్విచ్ లేకుండా ఇంటి బోర్డుకి తగిలించవద్దు. దయచేసి. మీ ఇంట్లో తయారైన 230 వోల్టులు మెయిన్ దాటి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళితే అటువైపు 11 వేలు అవుతుంది. తెగిన వైరు కలుపుతున్న లైన్‌మన్ అది చచ్చిన లైను అనుకుంటాడు.

ఉద్దానం వాడు
మేం బోర్డుకి కలపలేదు. వేరే వైరు, వేరే ప్లగ్గులు.

ఊరికే చదివేవాణ్ణి
మూడేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. పక్కింటివాళ్ళు అరువు అడిగితే ఏం చెప్తారు? నాకు ఇదే పెద్ద టెన్షన్.

గట్టుతగాదా
పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతః. ట్రాక్టర్‌ని కూడా కలుపుకోండి.

పాడిగేదెల అక్క
వనితను తీసేసి ఆ చోట ట్రాక్టర్ పెట్టు, శ్లోకం బాగుపడుతుంది.

గట్టుతగాదా
తప్పయింది అక్కా.

నల్లరేగడి
నేను బండి ఇయ్యను, నేనే పోత. గంటకు వెయ్యి, చుట్టాలకు డీజిల్. ఒకసారి ఇచ్చిన. వచ్చినప్పుడు రేడియేటర్ జాలి నిండా గడ్డి పొట్టు, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. క్లచ్ మీద కాలు పెట్టి తోలిండు, ప్లేట్ల వాసన. "మంచిగనే ఉంది బండి" అని తాళం ఇచ్చిండు.

సీమ రాళ్ళు
గుంతల మిషన్ కొందామనుకునేవాళ్ళకు ఒక మాట. మామిడి మొక్కలకి కాదు, కంచె రాళ్ళు పాతడానికి నేను కొన్నా. తొమ్మిది అంగుళాల ఆగర్. ఎర్రమట్టిలో రెండు నిమిషాలకొక గుంత. అడుగులో రాయి తగిలితే షియర్ బోల్ట్ తెగుతుంది. నాలుగుసార్లు తెగేసరికి చికాకేసి దానిచోట గట్టి హైటెన్సైల్ బోల్ట్ వేసినా. ఐదోసారి బోల్ట్ తెగలేదు, గేర్‌బాక్స్ పగిలింది. పదకొండు వేలు. ఆ బోల్ట్ తెగడానికే పెట్టినారని అప్పుడు అర్థమయింది.

మెకానిక్ మామ
నాకు ఇల్లు గడిచేది అలాంటి బోల్టుల వల్లనే.

కోనసీమ బొండాం
మట్టల తమ్ముడి దగ్గరకు వద్దాం. ఏడో ఏడు తోట అంటే నెలకు రెండు కోతలు ఉంటాయి కదా, గెలలు రోడ్డు దాకా ఎలా వస్తున్నాయి?

మట్టలమధ్య
ఆటో ట్రాలీ మాట్లాడుకుంటున్నాం. కోతకు ఎనిమిది వందలు. వాన పడితే తోటలోకి రానంటాడు, అప్పుడు కూలీలు భుజాల మీద... (రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.)

కోనసీమ బొండాం
ఫోర్ వీల్ డ్రైవ్ షెడ్డులో పెట్టి ఆటోకి డబ్బులిస్తున్నావు.

గట్టుతగాదా
అన్నా ఆ మూడో గేదె నీ మీద కేసు వేస్తుంది.

కోనసీమ బొండాం
కొట్టేసిన మట్టలు కూడా. చెట్టుకు ఏడాదికి ఇరవై పైచిలుకు మట్టలు దిగుతాయి, ఎకరాకు 57 చెట్లు. ఎక్కడివక్కడ పడుంటే నడవడానికి దారి ఉండదు. వరస విడిచి వరసలో పేర్చుకుంటే ఒక వరస బండి తిరగడానికి ఖాళీ, ఒక వరస మట్టలు కుళ్ళి ఎరువు. ముక్కలు చేసే మిషన్ పెద్ద ట్రాక్టర్ల పని, దాని జోలికి పోకు. పేడ దిబ్బ మాత్రం తోట పక్కనే ఏళ్ళ తరబడి ఉంచకు, కొమ్ము పురుగు అందులోనే పిల్లలు పెడుతుంది. రెండు మూడు నెలలకోసారి తిరగేసి, పెట్టెలో వేసుకుని పాదులకు పోసెయ్. దిబ్బ తిరగేసే రోజు కోళ్ళను వదులు, పండగ చేసుకుంటాయి.

మెకానిక్ మామ
ఇంకో సంగతి. వాడని బండి వాడిన బండి కంటే ముందు పాడవుతుంది. బ్యాటరీ దిగుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వారానికోసారి ఊరికే స్టార్ట్ చేసి రెండు నిమిషాలకు ఆపడం కూడా మంచిది కాదు, వేడెక్కేదాకా ఏదో ఒక పని చేయించు. గ్రీజు ప్రతి పది గంటలకు. అది నీ లెక్కన నెలన్నరకు ఒకసారి అనుకుంటా 🙂

మట్టలమధ్య
(నెలన్నర తర్వాత)

మీటరు 104.

పెట్టె చేయించాను, ఏలూరులో సెకండ్ హ్యాండ్ ట్రాలీ తీసుకున్నాను, ఒక టన్నుది. మూడు కోతల గెలలు నేనే రోడ్డుకి చేర్చాను. రెండో కోత రోజు నాలుగో వరసలో బురదలో దిగబడింది. ఫోర్ వీల్ వేయడం మర్చిపోయి పావుగంట తిట్టుకున్నాను, తర్వాత లివర్ గుర్తొచ్చింది. ఆటో అతను "మనం మనం ఒక ఊరివాళ్ళం" అని అలిగాడు. కొమ్ము పురుగు పిల్లలు దిబ్బలో దొరికాయి, లెక్క పెట్టలేదు, కోళ్ళు పెట్టనివ్వలేదు. నీళ్ళ ట్యాంకు ట్రాలీలో పెట్టి పెరట్లో కొత్త మామిడి మొక్కలకు పోస్తున్నాను. సగం నిండిన ట్యాంకు మలుపులో బండిని పక్కకు తోస్తుందని మీరెవరూ చెప్పలేదు, నెమ్మదిగా వెళ్ళాను కాబట్టి సరిపోయింది.

మా ఆవిడ ఇప్పుడు గేదె అనడం లేదు. తోలడం నేర్పమంటోంది. పాడిగేదెల అక్క పోస్టు చదివి వినిపించడం నా తప్పే.

పాడిగేదెల అక్క
ముందు రివర్స్ నేర్పు, ట్రాలీ తగిలించి. అది వస్తే మిగతా అంతా వచ్చినట్టే. మా ఆయనకు ఇప్పటికీ రాదు.

మట్టలమధ్య
నాకూ రాదక్కా.

ఇంకో విషయం. రోటావేటర్ అమ్ముతున్నాను. తొమ్మిది గంటలే తోలాను, బ్లేళ్ళు కొత్తవాటిలాగే ఉన్నాయి. తోటలు కాకుండా దుక్కి పొలం ఉన్నవాళ్ళకే ఇస్తాను.

ఊరికే చదివేవాణ్ణి
మూడున్నర అడుగులదేనా? నాకు రెండెకరాల కూరగాయలు ఉన్నాయి. రేటు మెసేజ్ చేయండి.